ఎండలు ముదిరాక కూడా అవే పన్నెండు సూర్య నమస్కారాలా?

బ్రాడీపేట టీచరమ్మ:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. వయసు 49, బడిలో లెక్కలు చెబుతాను. మూడేళ్లుగా రోజూ పొద్దున డాబా మీద పన్నెండు సూర్య నమస్కారాలు, ఆపైన గబగబా ఊపిరి ఆడించే భస్త్రిక, కపాలభాతి చేస్తున్నాను. సంక్రాంతికీ అవే, శ్రీరామనవమికీ అవే. ఒక్కటి తగ్గించినా మళ్లీ పట్టు దొరకదేమోనని భయం.

పోయిన వారం తొమ్మిదో నమస్కారంలో వంగి లేచేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. పిట్టగోడ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. టైం ఇంకా ఏడు కాలేదు, కానీ గచ్చు రాత్రంతా చల్లారనే లేదు, అరికాళ్లకు తెలుస్తోంది. డాక్టరు గారు చూసి బీపీ తగ్గింది, ఒంట్లో నీళ్లు చాలట్లేదు, పది రోజులు ఆగమన్నారు. నేను నేర్చుకున్న చోట అడిగితే "క్రమం తప్పకూడదు, చేస్తూ పోండి" అన్నారు. అది నాకు మింగుడు పడలేదు.

మా అమ్మ రథసప్తమికి జిల్లేడాకులు తలమీద, భుజాలమీద పెట్టి స్నానం చేయించేది. ఎండాకాలం పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ, ఆషాఢం రాగానే మునగాకు. తిండి కాలాన్ని బట్టి మారినప్పుడు ఆసనం ఎందుకు మారకూడదు? మీరెవరైనా అలా మార్చుకుంటూ చేస్తున్నారా? ఎప్పుడు మార్చాలో ఎలా తెలుసుకుంటారు?

సత్యనారాయణపురం రైల్వే:
అమ్మా, ముందు డాక్టరు గారు చెప్పిన పది రోజులూ ఆగండి. ఆగితే పట్టు పోదు.

నాది బెజవాడ, రైల్వేలో చేసి రిటైరయ్యాను. మీ అమ్మగారిది సరైన లెక్క. ఆయుర్వేదంలో ఋతుచర్య అని ఉంది, అంటే కాలాన్ని బట్టి తిండీ అలవాట్లూ మార్చుకోవడం. చలికాలంలోనూ వసంతంలోనూ కూడా సగం బలం మేరకే వ్యాయామం చెయ్యమంటారు, ఎండాకాలం, వానాకాలం అంతకన్నా తగ్గించమంటారు. సగం బలం అంటే ఎంత అని నేనూ చాలాకాలం తికమకపడ్డాను. దానికీ గుర్తు చెప్పారు. ముక్కుతో ఆడుతున్న శ్వాస నోటికి ఎక్కిందా, అక్కడితో సగం అయిపోయినట్టే. నుదుట, చంకల్లో చెమట పట్టి నోరు ఎండటం ఇంకో గుర్తు. జనవరిలో నాకు ఆ గుర్తు పదకొండో నమస్కారానికి వస్తుంది, మే నెలలో నాలుగోదానికే. అంకె కాలాన్ని బట్టి మారుతుంది, గుర్తు మారదు. మీరు పన్నెండు అనే అంకెను పట్టుకున్నారు, ఇకనుంచి ఆ గుర్తును పట్టుకోండి.

ఒక్క విషయంలో నేను పంచాంగాన్ని పక్కన పెడతాను. అందులో వైశాఖం వసంత ఋతువు. మన దగ్గర వైశాఖం నడి ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. అందుకని నేను సూర్యుణ్ణే చూస్తాను. డాబాకి తూర్పు వైపు పిట్టగోడ మీద, రోజూ ఒకే చోట నిలబడి, పొద్దు పొడిచిన చోటికి సూటిగా సుద్దతో గీత గీస్తాను. డిసెంబరు 21 ప్రాంతంలో కుడివైపు చివరన, కొబ్బరి చెట్టు వెనక వస్తాడు. జూన్ 21కి ఎదురింటి వాటర్ ట్యాంకు దాటి ఎడమ చివరకి చేరతాడు. మార్చి మూడోవారంలో సరిగ్గా తూర్పున ఉంటాడు, అప్పుడు రోజుకి దాదాపు తన వెడల్పంత జరుగుతాడు. రెండు చివర్లలో మాత్రం పది రోజులైనా కదిలినట్టే ఉండదు. నా చాప కూడా ఆయనతోపాటే తిరుగుతుంది. సంక్రాంతికి ఆరూ నలభైకి వచ్చేవాడు మే చివర్లో ఐదున్నరకే వచ్చేస్తాడు, కాబట్టి ఎండాకాలం నేను ఐదింటికే మొదలుపెట్టి ఐదున్నరకల్లా ముగిస్తాను.

మార్పు ఒక్కరోజులో పెట్టుకోకండి. పోయే ఋతువు చివరి ఏడు రోజులు, వచ్చే ఋతువు మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి అంటారు. ఆ పద్నాలుగు రోజుల్లో పాతది కొంచెం కొంచెం వదులుతూ కొత్తది కొంచెం కొంచెం అందుకోవాలి. నేనైతే రెండు రోజులకి ఒక నమస్కారం తగ్గిస్తాను.

మీరు భస్త్రిక, కపాలభాతి ఇప్పుడు ఆపేయండి. అవి ఒంట్లో వేడి పుట్టించేవి, మార్గశిరం, పుష్యమాసాల్లో బాగుంటాయి. ఎండల్లో అందరూ శీతలి చెబుతారు, నాలుకను గొట్టంలా చుట్టి గాలి పీల్చి ముక్కుతో వదలడం. నేను చేస్తాను. కానీ బీపీ తగ్గేవాళ్లకు వద్దంటారు, డాక్టరు గారిని అడగందే మొదలుపెట్టకండి. ఊపిరి బిగపట్టకుండా నాడీశుద్ధి చాలు, అంటే ఒక ముక్కుతో పీల్చి రెండోదానితో వదలడం, మార్చి మార్చి.

యార్డు వెనక వీధి:
అక్కా, మాది గుంటూరే. మా ఇంటికి మిర్చి యార్డు దగ్గర. మాకు ఋతువు ముక్కుకి తెలుస్తుంది. ఫిబ్రవరి నుంచి టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, దిగుతుంటే గాలి వాలుకి ఘాటు డాబా మీదికి కొడుతుంది. ఆ రోజుల్లో బయట ప్రాణాయామం చేస్తే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. అందుకే కిటికీలు మూసి లోపలి గదిలో చేస్తాను. మే నెలలో యార్డుకి వేసవి సెలవులు ఇచ్చాకే చాప మళ్లీ పైకి ఎక్కుతుంది. వానాకాలం ఇంకో సంగతి, డాబా పాచి పడుతుంది. నిలబడి చేసే ఆసనాలు ఆ రెండు నెలలు పైన వద్దు. మా అత్తగారు జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు.

బ్రాడీపేట టీచరమ్మ:
బాబాయ్ గారూ, చెల్లీ, ఆలస్యంగా రాస్తున్నాను. పది రోజులు పూర్తిగా ఆగాను. తర్వాత ఐదింటికి లేచి మూడు నమస్కారాలతో మొదలుపెట్టాను. నాలుగోదానికి నోరు తెరుచుకుంటోంది, అక్కడే ఆపేస్తున్నాను. మొదటి వారం ఏదో బాకీ పడినట్టు బాధపడ్డాను. ఇప్పుడు అది లేదు. కళ్లు తిరగడం మళ్లీ రాలేదు.

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, పన్నెండు దాటిన నాలుగైదు నిమిషాలకి, డాబా మీద చీపురుకట్ట నిలబెట్టి చూశాను. నీడ మొత్తం కట్ట కిందికే వెళ్లిపోయింది. సూర్యుడు మన నెత్తిమీద నిలబడే రోజులు ఏడాదికి రెండే అని పుస్తకంలో ఎన్నోసార్లు చెప్పాను గానీ, కంటితో చూడటం ఇదే మొదలు.

మీరు చెప్పినట్టే నేనూ పిట్టగోడ మీద గీతలు గీస్తున్నాను. మృగశిర కార్తె వచ్చిన రోజు సాయంత్రం వాన పడి ఆ సుద్దగీతలన్నీ కొట్టుకుపోయాయి. గుర్తున్న చోట్ల ఎర్ర పెయింటుతో మళ్లీ వేశాను. నమస్కారాలు ఐదుకి పెరిగాయి. ఒక్క సందేహం బాబాయ్ గారూ. మే నెలలో గీతకీ గీతకీ మధ్య వేలెడు ఎడం ఉండేది. ఈ వారం వేసిన మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివర దాకా వచ్చేసినట్టేనా, లేక నేను నిలబడే చోటే మారిందా?