అప్‌డేట్: వైజాగ్‌లో మా మ్యూజిక్ వీడియో షూటింగ్ పూర్తయింది

కాలేజీ ప్రాజెక్టుకి తక్కువ ఖర్చుతో మ్యూజిక్ వీడియో ఎలా తీయాలని అడిగాను కదా, షూటింగ్ అయిపోయింది. సలహాలిచ్చిన అన్నయ్యలకి, అక్కలకి చాలా థ్యాంక్స్.

అందరికంటే ఎక్కువ ఉపయోగపడింది స్లో మోషన్ సలహా. పాటను రెట్టింపు వేగంతో స్పీకర్‌లో పెట్టి, సెకనుకి 50 ఫ్రేముల్లో ఫోన్‌తో తీశాం. ఎడిటింగ్‌లో దాన్ని సెకనుకి 25 ఫ్రేముల వేగానికి నెమ్మదిస్తే పెదాలు అసలు పాటకి సరిగ్గా కలిశాయి, వెనక అలలు మాత్రం నెమ్మదిగా కదులుతున్నాయి! పాడే అమ్మాయికి ఆ వేగం అలవాటు కావడానికి బాగా రిహార్సల్ కావాలి, అది ముందే లెక్కలో వేసుకోండి.

మన తీరం తూర్పు ముఖం కాబట్టి సముద్రం మీద బంగారు వెలుగు పొద్దున్నే దొరుకుతుంది. అందుకే బీచ్ షాట్లన్నీ తెల్లవారుజామునే. రాత్రి వీధి దీపాల కింద షట్టర్ వేగం (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) సెకనులో 1/50 వంతు దగ్గర ఉంచాం, వీడియోలో దీపాల మినుకుమినుకులు రాలేదు.

డ్రోన్ వద్దనుకున్నాం. నౌకాదళం ఉన్న ఊళ్లో ఆంక్షలు ఎక్కువ. కైలాసగిరి పైనుంచి తీసిన తీరం షాట్ ఆ లోటు తీర్చింది. ఎర్రమట్టి దిబ్బలు కూడా వదిలేశాం. అంత సున్నితమైన వారసత్వ స్థలాన్ని డాన్స్ స్టెప్పులతో తొక్కడం నాకు ఇష్టం లేదు.

ఖర్చంతా టిఫిన్లకి, ఆటోలకే. ఇప్పుడు వీడియో రంగులు సరిచేసే పని నడుస్తోంది.