క్వాంటమ్ ఇన్ఫర్మేషన్‌లో పీహెచ్‌డీ: థియరీయా, ల్యాబా? ఇంట్లో ఏం చెప్పాలి?

ప్రశ్న (విశాఖ_ఎమ్మెస్సీ):

అందరికీ నమస్తే. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. క్వాంటమ్ ఇన్ఫర్మేషన్‌లో పీహెచ్‌డీ చేసి రీసెర్చ్‌లోనే స్థిరపడాలని కోరిక. ఇక్కడ ఒక ఇంటర్ కాలేజీ వాళ్లు లెక్చరర్‌గా తీసుకుంటామంటున్నారు. నాన్నేమో "అమరావతికి క్వాంటమ్ వ్యాలీ వస్తోందిగా, ఏదైనా ఆరు నెలల కోర్సు చేసి అందులో చేరిపో, పీహెచ్‌డీ దేనికి" అంటున్నారు. అమ్మకు నా పెళ్లి టెన్షన్. థియరీ వైపు వెళ్లాలా, ఎక్స్‌పెరిమెంట్ వైపా? ఎన్నేళ్లు పడుతుంది, చేతికి ఎంత వస్తుంది? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

జవాబు (థియరీ_చెన్నై):

డబ్బు సంగతి ముందు చెప్తానమ్మా. జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, హాస్టల్ ఇవ్వకపోతే హెచ్ఆర్ఏ అదనం. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. ఒక్క మనిషికి సరిపోతుంది, ఇంటికి పంపాలంటే కష్టం.

పీహెచ్‌డీ సీటుకు పనికొచ్చే నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు మూడూ రాయండి. రీసెర్చ్ సంస్థలైన చెన్నై మ్యాట్‌సైన్స్‌కీ, ప్రయాగ్‌రాజ్ హరీశ్‌చంద్ర ఇన్‌స్టిట్యూట్‌కీ, బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్‌కీ జెస్ట్ స్కోరు పనికొస్తుంది. ముంబైలోని టాటా రీసెర్చ్ సంస్థ టీఐఎఫ్ఆర్‌కు సొంత పరీక్ష ఉంది. థియరీ అయితే లీనియర్ ఆల్జీబ్రా చేతివేళ్ల మీద ఉండాలి. పేపర్లు ఉచితంగా దొరికే ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో క్వాంట్-పీహెచ్ (క్వాంటమ్ ఫిజిక్స్) విభాగం రోజూ తెరిచి కనీసం సారాంశాలైనా చదువుతూ ఉండండి. నెల తిరిగేసరికి ఏ రకం పేపర్ దగ్గర ఆగిపోతున్నారో మీకే తెలుస్తుంది.

జవాబు (గుంటూరు_డెల్ఫ్ట్):

చెల్లీ, నాది గుంటూరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, మన దేశంలోనే సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల మీద పీహెచ్‌డీ, ఇప్పుడు నెదర్లాండ్స్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం). క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే చిన్న యూనిట్, మావి నిరోధం లేకుండా కరెంటు పారే సర్క్యూట్లతో చేసినవి. పరీక్షల గురించి పైన బాగా చెప్పారు. నేను ల్యాబ్ గురించే రాస్తాను. మన దగ్గర ఎమ్మెస్సీ చేసిన పిల్లలు చాలామంది నడుస్తున్న రీసెర్చ్ ల్యాబ్‌ను ఒక్కసారి కూడా చూడకుండానే థియరీ అనేస్తారు. అది చూస్తే నాకు బాధేస్తుంది.

మా పని ఇలా ఉంటుంది. అల్యూమినియం సర్క్యూట్ ఉన్న గోరంత చిప్పును రాగి పెట్టెలో బిగించి డైల్యూషన్ ఫ్రిజ్ (అతి చల్లగా ఉంచే యంత్రం) అడుగు ప్లేటుకు తగిలిస్తాం. మూతలు వేసి, లోపలి గాలంతా తోడేసి, ఎక్కడైనా లీకుందేమోనని ప్రతి అతుకు దగ్గరా హీలియం ఊది చూస్తాం. చల్లబడటానికి ఒకటి రెండు రోజులు. అడుగు ప్లేటు 10 మిల్లీకెల్విన్ల దగ్గరికి, అంటే దాదాపు పరమ శూన్య ఉష్ణోగ్రతకు వచ్చాక, ఒక మైక్రోవేవ్ పల్స్‌తో క్యూబిట్‌ను పై స్థితికి లేపి, కాస్త ఆగి, ఇంకా అక్కడే ఉందా, కిందికి జారిందా అని కొలుస్తాం. ఆగే సమయాన్ని పెంచుకుంటూ ఇదే వేల సార్లు. చుక్కలన్నీ కలిస్తే కిందికి వంగే గీత వస్తుంది, క్యూబిట్ ఆయుష్షు దాంట్లో తెలుస్తుంది. పొద్దున 80 మైక్రోసెకన్లు చూపించిన చిప్పే సాయంత్రానికి 50 చూపిస్తుంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆక్సైడ్ పొరల్లోని సూక్ష్మమైన లోపాలు శక్తిని లాగేసుకుంటాయి, ఏ లోపం ఎప్పుడు క్యూబిట్ ఫ్రీక్వెన్సీకి దగ్గరవుతుందో ముందే చెప్పలేం. ఆ గీత ఎందుకు మారిందా అని నీకు నిద్ర పట్టకపోతే ల్యాబ్‌కు రా. ఆ గీత కన్నా దాని వెనకున్న సిద్ధాంతమే నిన్ను లాగుతుంటే థియరీకే వెళ్లు. "దేనికి స్కోప్ ఎక్కువ" అని చూసి మాత్రం తేల్చుకోవద్దు. ఐదారేళ్లు రోజూ చేయాల్సిన పని ఇది.

2025లో ఫిజిక్స్ నోబెల్ ఈ సర్క్యూట్లకే వచ్చింది, 1984, 85లలో బర్క్‌లీలో చేసిన ప్రయోగాలకు. అది అందుకున్న ముగ్గురిలో అప్పుడు క్లార్క్ ప్రొఫెసర్, డెవొరె పోస్ట్‌డాక్, మార్టినిస్ పీహెచ్‌డీ స్టూడెంట్. బయటి మైక్రోవేవ్ నాయిస్ చిప్పు దాకా రాకుండా ఆపడానికి వాళ్లు రాగి పొడితో ఫిల్టర్లు చేసుకున్నారు. ఆ రకం ఫిల్టర్లు ల్యాబుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ రంగంలో పేరు తెచ్చే పనిలో ఎక్కువ భాగం ఇలాంటి ఓపికే.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది: ఫ్రిజ్ ఇప్పుడు నడుస్తోందా? కొత్త ల్యాబ్ అయితే ఆర్డరు, కస్టమ్స్, చిల్లర్ నీళ్ల లైన్లు, కరెంటు, వీటిలోనే మొదటి ఏడాది దాటిపోతుంది. కట్టడం నేర్చుకోవాలనుంటే అదీ మంచిదే, తెలిసి చేరాలి అంతే. రెండోది: వాళ్ల దగ్గర చదివినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఆ పాత స్టూడెంట్లకే నేరుగా రాసి అడుగు. నా అనుభవంలో చాలామంది నిజమే చెప్తారు.

నాన్నగారి మాట కొట్టిపారేయొద్దు. అమరావతిలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో సిస్టమ్ టూ అనే క్వాంటమ్ కంప్యూటర్ పెడతామని ఐబీఎం 2025లో ప్రకటించింది. కానీ యంత్రం మీద ప్రోగ్రాములు రాసేవాళ్లు వేరు, యంత్రాన్ని కట్టి బాగుచేసేవాళ్లు వేరు. ఆరు నెలల కోర్సుతో మొదటిదానికి తలుపు దగ్గరికి చేరతావు, రెండోదానికి అదీ కుదరదు. ఆయనకు నేషనల్ క్వాంటమ్ మిషన్ చూపించు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ 6,003 కోట్ల పైచిలుకుతో ఆమోదించింది, 2030-31 దాకా నడుస్తుంది. కంప్యూటింగ్ హబ్ బెంగళూరు ఐఐఎస్సీలో, కమ్యూనికేషన్ ఐఐటీ మద్రాస్‌లో, సెన్సింగ్ ఐఐటీ బాంబేలో, మెటీరియల్స్ ఐఐటీ ఢిల్లీలో. ఇలాంటి ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ అసోసియేట్లను, అంటే జీతం మీద ల్యాబ్‌లో పనిచేసేవాళ్లను, తీసుకుంటారు. ఒక ఏడాది అలా చేరి చూడు. పీహెచ్‌డీ వద్దనిపిస్తే ఆ ఏడాది అనుభవం నీతోనే ఉంటుంది, ఇంటర్ కాలేజీ ఉద్యోగాలు అప్పటికీ ఉంటాయి.

అమ్మగారికి మాత్రం ఏదీ దాచొద్దు. పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ అంటే చాలాచోట్ల రెండేసి ఏళ్ల కాంట్రాక్టు, దేశం మారాల్సి రావచ్చు. ఐఐటీల్లో గ్రేడ్ వన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు. సంబంధం మాట్లాడేటప్పుడే ఇదంతా చెప్పేయాలి. మా ఇంట్లో అలాగే చెప్పాం, విని వెనక్కి తగ్గినవాళ్లూ ఉన్నారు, అర్థం చేసుకున్నవాళ్లూ దొరికారు.

విశాఖ_ఎమ్మెస్సీ:

చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. ప్రాజెక్ట్ అసోసియేట్ మాట నాన్నకు చెప్పాను, ఒక ఏడాది అంటే సరే అనేలా ఉన్నారు. కానీ నేను ల్యాబ్‌లో చేసిందేమీ లేదు. ప్రొఫెసర్లకు పంపే మెయిల్‌లో ఏం రాయను?

గుంటూరు_డెల్ఫ్ట్:

పైథాన్‌లో క్యూబిట్లను సిమ్యులేట్ చేసే క్యూటిప్ అనే లైబ్రరీ ఉచితం. ఒక్క క్యూబిట్‌కు రాబీ ఆసిలేషన్లు (పల్స్ తగిలినప్పుడు క్యూబిట్ రెండు స్థితుల మధ్య ఊగడం), పైన చెప్పిన ఆయుష్షు గీత అందులో గీసి, కోడ్ లింకు మెయిల్‌లో పెట్టు. వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో ఒక బొమ్మ గురించి నిజంగా అర్థంకాని ప్రశ్న ఒకటి అడుగు. మొత్తం పది వాక్యాలు దాటొద్దు. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని మొదలుపెట్టే మెయిళ్లు వాళ్లకు రోజూ వస్తుంటాయి. రాశాక డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టు, ఆదివారం చూసి దిద్దుతాను.