జర్మనీలో మూడేళ్లు అయ్యాయి, డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్లిపోతున్నాం: ఏ పని ముందు, ఏది తర్వాత?

స్టుట్‌గార్ట్ శ్రీ

అందరికీ నమస్కారం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాం. మూడేళ్ల కిందట ఆగస్టులో వచ్చాం, ఇక్కడి కంపెనీతోనే నేరుగా కాంట్రాక్టు. డిసెంబర్ 20న ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కి టికెట్లు చూస్తున్నాం, ఇంకా కొనలేదు. ఉద్యోగం కాగితం మీద డిసెంబర్ 31 వరకు ఉంటుంది, చివరి రోజులు మిగిలిన లీవు. ఇంటికి మూడు నెలల అద్దె డిపాజిట్ కట్టాం, వంటగది సామాను మా సొంతం.

ఇల్లు ఖాళీ చేయడం, అబ్‌మెల్డుంగ్ (ఊరి రిజిస్టర్‌లోంచి పేరు తీయించుకోవడం), ఇన్సూరెన్స్, బ్యాంకు ఏ వరుసలో చేసుకోవాలి? పెన్షన్‌కి కట్టింది వెనక్కి వస్తుందా? ఇండియాకి తిరిగొచ్చాక రెండేళ్లు విదేశీ ఆదాయం మీద పన్ను ఉండదంటున్నారు, మాకూ వర్తిస్తుందా? వంటింటి కరెంటు సామాను తీసుకెళ్లొచ్చా?

నెక్కార్ ఒడ్డు

శ్రీ గారూ, ముందు ఇంటి నోటీసు. మామూలు అద్దె ఒప్పందానికి మూడు నెలల గడువు. డిసెంబర్ 31కి ఇల్లు వదలాలంటే నోటీసు అక్టోబర్ మూడో పనిదినానికల్లా ఓనర్ చేతిలో ఉండాలి. మీరు పోస్టు చేసిన తేదీ కాదు, ఆయనకి అందిన తేదీ లెక్క. అక్టోబర్ 3 జాతీయ సెలవు, ఆదివారాలూ లెక్కలోకి రావు కాబట్టి గడువు ఒకటి రెండు రోజులు జరుగుతుంది. ఆ లెక్కల మీద ఆధారపడకుండా సెప్టెంబర్ మూడో వారంలోనే పంపేయండి. ఒక్క రోజు ఆలస్యమైతే జనవరి అద్దె కూడా మీదే.

నోటీసు కాగితం మీద, పెన్నుతో సంతకం పెట్టి ఇవ్వాలి. ఈమెయిల్, వాట్సాప్ చెల్లవు. ఒప్పందంలో మీ ఇద్దరి పేర్లూ ఉంటే ఇద్దరి సంతకాలూ ఉండాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, ఒక్కరి సంతకంతో పంపిన నోటీసుని ఓనర్ చెల్లదనొచ్చు. ఐన్‌వుర్ఫ్ ఐన్‌ష్రైబెన్ అనే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఒప్పందంలో ‘క్యుండిగుంగ్స్‌ఫెర్‌జిష్ట్’ అనే క్లాజు ఉందేమో ఇవాళే చూడండి. ఉంటే అందులో రాసిన తేదీ దాకా మామూలు నోటీసు పనిచేయదు, ఓనర్‌తో మాట్లాడుకోవాల్సిందే. ముగ్గురు నాఖ్‌మీటర్లని (మీ తర్వాత అద్దెకి రాదలిచినవాళ్లని) చూపిస్తే ఓనర్ మిమ్మల్ని వదిలేయాలనే మాట బాగా తిరుగుతుంటుంది. చట్టంలో అలాంటి హక్కు లేదు.

తర్వాత అబ్‌మెల్డుంగ్. ఇల్లు ఖాళీ చేసే తేదీకి వారం ముందు నుంచి, ఆ తర్వాత రెండు వారాల్లోపు చేసుకోవచ్చు. మీకైతే డిసెంబర్ 13 తర్వాత. అది సరిగ్గా క్రిస్మస్ ముందు వారం, అపాయింట్‌మెంట్లు దొరకవు. నవంబర్‌లోనే స్లాట్ పట్టుకోండి. చాలా ఊళ్లలో ఫారం పోస్టులోనో ఆన్‌లైన్‌లోనో తీసుకుంటారు, మీ బ్యుర్గర్‌బ్యూరోని (ఊరి పౌరసేవల ఆఫీసుని) అడగండి. ముగ్గురికీ ఒకే ఫారం సరిపోతుంది, కొత్త అడ్రసు దగ్గర హైదరాబాద్ అడ్రసు రాయండి. వాళ్లిచ్చే అబ్‌మెల్డెబెష్టేటిగుంగ్ (పేరు తీసేసినట్టు రుజువు) కాగితంతోనే మిగతావన్నీ మూయాలి, నాలుగైదు కాపీలు స్కాన్ చేసి పెట్టుకోండి.

ఆ కాగితం వెళ్లాల్సిన చోట్లలో మొదటిది క్రాంకెన్‌కాస్సె, అంటే హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థ. ఉద్యోగంతో పాటే ఇన్సూరెన్స్ తనంతట తానే ముగిసిపోతుందనుకుంటే పొరపాటు. మీరు దేశం వదిలినట్టు రుజువు చేరకపోతే వాళ్లు సభ్యత్వాన్ని స్వచ్ఛందం కింద కొనసాగిస్తారు. ఆదాయం వివరాలు రాలేదు కాబట్టి గరిష్ఠ ప్రీమియం వేస్తారు. నెలల బాకీ పోగై ఇండియా అడ్రసుకి ఉత్తరం వచ్చాక తేల్చుకోవడం పెద్ద తలనొప్పి.

రెండోది రుండ్‌ఫుంక్ ఫీజు (రేడియో, టీవీకి ప్రతి ఇల్లూ కట్టేది), నెలకి 18.36 యూరోలు. చెప్పిన నెల నుంచే ఆపుతారు, పాత నెలలవి వెనక్కి ఇవ్వరు. ఇంటర్నెట్‌కి, కొత్త అడ్రసులో వాళ్లు సేవ ఇవ్వలేరు కాబట్టి నెల నోటీసుతో ప్రత్యేక రద్దు హక్కుంది, రెండేళ్ల గడువు మిగిలి ఉన్నా సరే. ఖాళీ చేసే రోజు నుంచి వర్తించేలా ముందే రాసివ్వొచ్చు. జిమ్‌కి మాత్రం ఆ హక్కు లేదు, ఊరు మారడం కారణం కాదని పై కోర్టు 2016లోనే తేల్చింది. కాంట్రాక్టు గడువు చూసుకుని ఇప్పుడే నోటీసివ్వండి. డాయిచ్‌లాండ్ టికెట్ (బస్సు, రైలు నెల పాసు) నెలాఖరుకి ఆగాలంటే ఆ నెల 10లోపు రద్దు చేయాలి. పాప కీటా (చిన్నపిల్లల బడి) నోటీసు గడువు ఒప్పందంలో ఉంటుంది, ఒక్కోచోట మూడు నెలలు. కిండర్‌గెల్డ్ (పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) ఆపమని, అది ఇచ్చే ఫమీలియెన్‌కాస్సెకి మీరే రాయాలి. వెళ్లాక జమైన ప్రతి నెలదీ తిరిగి కట్టమంటారు.

హాఫ్ట్‌ఫ్లిష్ట్ ఇన్సూరెన్స్‌ని (మన వల్ల ఇతరులకి జరిగిన నష్టానికి కట్టేది) మాత్రం తాళాలు అప్పగించేదాకా కదపకండి. తాళంచెవి పోయినా, బేసిన్ పగిలినా చాలా పాలసీల్లో అదే కట్టేది.

లెక్కల పుస్తకం

మీ మూడో ప్రశ్నకి నేను చెప్తాను. టికెట్ కొనకముందే ఇది తేల్చుకోవాలి.

మీరు విన్నది ఆర్‌ఎన్‌ఓఆర్ గురించి, అంటే రెసిడెంటే అయినా మామూలు రెసిడెంట్‌గా లెక్కించని పన్ను హోదా. అది రావాలంటే గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్‌రెసిడెంట్‌గా ఉండాలి, లేదా గత ఏడేళ్లలో ఇండియాలో గడిపింది మొత్తం 729 రోజులు దాటకూడదు. మూడేళ్ల కిందటే బయల్దేరినవాళ్లు ఏడేళ్లలో నాలుగేళ్లకి పైగా ఇండియాలోనే ఉన్నారు. రెండు షరతులూ కుదరవు. పదేళ్లు అమెరికాలో ఉన్నవాళ్లకి చెప్పే మాట ఇది, మీకు పనికిరాదు.

అసలు చిక్కు ఇంకోటుంది. ‘182 రోజుల లోపే కదా, డిసెంబర్‌లో దిగితే ఆ ఏడాది నాన్‌రెసిడెంటే’ అని చాలామంది అనుకుంటారు. రెండో నియమాన్ని మర్చిపోతారు. ఆ ఆర్థిక సంవత్సరంలో 60 రోజులు, దాని ముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇండియాలో ఉంటే రెసిడెంటే. 60 బదులు 182 అనే సడలింపు సెలవుల మీద చూడ్డానికి వచ్చేవాళ్లకి, శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్లకి కాదు. మీరు మూడేళ్ల కిందట ఆగస్టులో వెళ్లారు, ముందు నాలుగేళ్లలో 365 ఎప్పుడో దాటింది. డిసెంబర్ 20 నుంచి మార్చి 31కి 102 రోజులు. కాబట్టి మీరు మామూలు రెసిడెంట్, ఏప్రిల్ నుంచి జర్మనీలో తీసుకున్న జీతం కూడా ఇండియా రిటర్నులోకి వస్తుంది.

జర్మనీలో కట్టిన పన్నుకి క్రెడిట్ వస్తుంది. అయితే ఆవిడకి జీతం లేక మీరు టాక్స్ క్లాస్ 3లో ఉంటే అక్కడ పడ్డ ఆదాయపు పన్ను శాతం తక్కువ. జీతంలో పెద్ద కోత పెన్షన్, హెల్త్, కేర్, నిరుద్యోగ బీమాలకి పోయింది, వాటికి క్రెడిట్ ఇవ్వరు. ఇండియాలో 30 శాతం స్లాబుకి, మీరు కట్టినదానికి మధ్య తేడా జేబులోంచి పోతుంది. మంచి జీతం మీద అది లక్షల్లోనే ఉంటుంది.

రెండు దారులున్నాయి. ఒకటి, మీరు ఫిబ్రవరి 1న గానీ ఆ తర్వాత గానీ దిగడం. లీపు సంవత్సరం కాకపోతే అప్పుడు మార్చి 31కి 59 రోజులే. అదే ఆర్థిక సంవత్సరంలో వేసవి సెలవులకి వెళ్లి ఉంటే ఆ రోజులూ కలుస్తాయి, దిగే తేదీ అన్ని రోజులు ఆలస్యం కావాలి. ఈ లెక్క మనిషికి మనిషికి వేరు, ఆవిడా పాపా డిసెంబర్‌లోనే వెళ్లినా మీ లెక్క మారదు. రెండోది, ఇండియా జర్మనీ పన్ను ఒప్పందం ఆర్టికల్ 4 కింద, డిసెంబర్ దాకా మీ ఇల్లూ సంసారం జర్మనీలోనే ఉన్నాయి కాబట్టి ఆ భాగానికి మీరు జర్మనీ రెసిడెంట్ అని వాదించడం. దానికి ఫినాన్స్‌అమ్ట్ (పన్ను ఆఫీసు) నుంచి అన్‌జేసిష్‌కైట్ సర్టిఫికెట్ (జర్మనీ నివాసి అనే కాగితం) కావాలి, వెళ్లకముందే అడగండి. ఏ దారైనా ఎంచుకునే ముందు విదేశీ రిటర్నులు చూసే సీఏతో కూర్చోండి.

ఇంకో రెండు విషయాలు. రెసిడెంట్ అయ్యాక జర్మనీ బ్యాంకు ఖాతాని రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏలో (విదేశీ ఆస్తుల పట్టికలో) చూపాలి. స్థిరాస్తి కాకుండా విదేశాల్లో ఉన్నవాటి మొత్తం 20 లక్షలు దాటి, చూపకపోతే పది లక్షల జరిమానా వేసే అధికారం నల్లధనం చట్టంలో ఉంది. ఎన్‌ఆర్‌ఈ ఖాతాని (విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియాలో తెరిచేది) దిగగానే రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోండి, ఆ రోజు నుంచి దాని వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు.

కొలోన్ వాసి

పెన్షన్ సంగతి. ముందు పే స్లిప్‌లో ఆర్‌వీ (పెన్షన్ బీమా) అనే లైను చూడండి. ఇండియా కంపెనీ కవరేజ్ సర్టిఫికెట్ (ఇండియాలోనే పీఎఫ్ కడుతున్నట్టు రుజువు) మీద పంపినవాళ్లకి ఆ కోత ఉండదు, వెనక్కి అడగడానికీ ఏమీ ఉండదు. మీది జర్మన్ కాంట్రాక్టు కాబట్టి ఉంటుంది.

60 నెలల లోపు కట్టి, యూరప్ బయట స్థిరపడ్డ భారతీయులు వెనక్కి అడగొచ్చు. చివరిసారి కట్టిన నెల తర్వాత 24 నెలలు ఆగాలి, ఫారం వీ0901. మీ వాటా మాత్రమే వస్తుంది, అంటే జీతంలో 9.3 శాతం. కంపెనీ వాటా రాదు, వడ్డీ ఉండదు. ఈ దరఖాస్తుకి ఫీజు లేదు, పది శాతం కమిషన్ అడిగే ఏజెంట్ల జోలికి పోనక్కర్లేదు.

కానీ తొందరపడొద్దు. డబ్బు తీసుకుంటే ఆ నెలలన్నీ రద్దైపోతాయి. 2017 మే నుంచి రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం ఉంది. ఇండియాలో కట్టిన ఈపీఎఫ్ కాలాన్ని కలుపుకుని 60 నెలల అర్హత చేరుకోవచ్చు, అప్పుడు జర్మనీలో కట్టిన మేరకి వయసొచ్చాక పెన్షన్ వస్తుంది. మళ్లీ యూరప్‌కి వచ్చే ఆలోచన కొంచెమున్నా ఆ 24 నెలలూ ఆలోచించుకోండి. ఇప్పుడే చేయాల్సింది ఫెర్‌జిషెరుంగ్స్‌ఫెర్‌లౌఫ్ (పెన్షన్‌కి కట్టిన నెలల పట్టిక) తెప్పించుకుని నెలలన్నీ ఎక్కాయో లేదో చూసుకోవడం. పెన్షన్ నంబరు పాస్‌పోర్ట్ కాపీ వెనకాలే రాసిపెట్టుకోండి.

ఉద్యోగం మానేముందు క్వాలిఫిజియెర్ట్ ఆర్‌బైట్స్‌ట్సొయిగ్నిస్ (పనితీరుతో సహా రాసిచ్చే ఉద్యోగ సర్టిఫికెట్) అడగండి. అది మీ హక్కు. నాలుగు నెలల తర్వాత ఈమెయిల్ పెడితే మీ పని తెలిసిన మేనేజర్ అక్కడ ఉండకపోవచ్చు.

స్టుట్‌గార్ట్ శ్రీ

అందరికీ కృతజ్ఞతలు. ఆర్‌వీ కోత ఉంది, క్లాస్ 3లోనే ఉన్నాను. నేను ఫిబ్రవరికి జరుపుకోగలనేమో మేనేజర్‌ని అడుగుతాను. అలా అయితే ఇంటి నోటీసు తేదీ కూడా మారుతుంది కదా? డిపాజిట్ కోసం బ్యాంకు ఖాతా ఎన్నాళ్లు ఉంచాలి?

నెక్కార్ ఒడ్డు

అవును. జనవరి 31కి వదలాలంటే నవంబర్ మూడో పనిదినానికి అందాలి. మీ రాష్ట్రంలో నవంబర్ 1 సెలవు. ఆవిడా పాపా డిసెంబర్‌లోనే వెళ్తే అబ్‌మెల్డుంగ్ మీది వేరు, వాళ్లది వేరు చేయాల్సి వస్తుంది. ఉద్యోగం రాజీనామా తేదీని కూడా దాంతోపాటే మార్చండి. కాంట్రాక్టులో సాధారణంగా నెలాఖరు లెక్కే ఉంటుంది.

ఖాతాని కనీసం రెండేళ్లు ఉంచండి. నెబెన్‌కోస్టెన్ (అద్దెతో పాటు నీళ్లు, హీటింగ్ లాంటి ఖర్చులు) లెక్క పంపడానికి ఓనర్‌కి ఆ లెక్కల సంవత్సరం ముగిశాక 12 నెలల టైముంది, అందాకా డిపాజిట్‌లో కొంత ఆపుకోవచ్చు. పన్ను రిఫండ్ కూడా యూరో ఖాతాకి రావడమే సులువు.

ఖాతా ఉండి లోపలికి వెళ్లలేకపోవడమే పెద్ద సమస్య. ఇండియా వెళ్లి ఫోను మార్చగానే టాన్ యాప్ (బ్యాంకు లావాదేవీలకి కోడు ఇచ్చే యాప్) మళ్లీ యాక్టివేట్ చేయమంటుంది, ఆ కోడు ఉత్తరంలో పాత స్టుట్‌గార్ట్ అడ్రసుకి పోతుంది. అందుకని వెళ్లకముందే అడ్రసు మార్పించండి, పాత ఫోనుని రీసెట్ చేయకుండా దాచండి, నంబరుని ప్రీపెయిడ్‌కి మార్చి అప్పుడప్పుడు రీచార్జి చేస్తూ ఉండండి. ఇండియా అడ్రసుకి ఖాతా కొనసాగించని బ్యాంకులూ ఉన్నాయి, ఇప్పుడే రాసి అడిగితే వేరే బ్యాంకు చూసుకునే టైము ఉంటుంది. ఎల్‌స్టర్ (జర్మనీ పన్ను రిటర్నుల సైటు) సర్టిఫికెట్ ఫైలు, పాస్‌వర్డ్ రెండు చోట్ల పెట్టండి. మూడేళ్లే గడువు, అయిపోకముందే ఆన్‌లైన్‌లో పొడిగించుకోవచ్చు.

తాళాలిచ్చే రోజు యుబర్‌గాబె ప్రోటోకోల్ (ఇల్లు అప్పగింత పత్రం) మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. కరెంటు, గ్యాస్, చన్నీళ్లు, వేణ్నీళ్లు, ఒక్కో గది హీటరు మీటరు నంబరు, రీడింగు ఒకే ఫొటోలో కనపడేలా తీయండి. ఎన్ని తాళాలిచ్చారో రాయించండి.

కాటేజీ వంటిల్లు

మన వంటిళ్లలో డిపాజిట్ కోత పడేది నూనె జిడ్డుకి, పసుపు మరకకి. పొగగొట్టం లోహపు జల్లెడని డిష్‌వాషర్‌లో రెండుసార్లు తిప్పండి, పక్క అల్మరాల పైభాగం మర్చిపోవద్దు. అక్కడ తాలింపు ఆవిరి అంటుకుని బంకలా ఉంటుంది. తెల్ల టైల్స్ మధ్య సిమెంటు గీతల్లో, సిలికాన్ అంచుల్లో దిగిన పసుపు రుద్దితే పోదు, ఎండ తగిలితే పాలిపోతుంది. స్టుట్‌గార్ట్‌లో డిసెంబర్ ఎండని నమ్ముకోలేం, సెప్టెంబర్‌లోనే శుభ్రం చేసి కిటికీ తెర తీసి ఉంచండి. నల్లబడ్డ సిలికాన్‌ని కోసి కొత్తది వేయడమే మేలు.

సామాను విషయం. వోల్టేజి రెండు దేశాల్లోనూ 230, 50 హెర్ట్జ్. కాబట్టి మోటార్లు, హీటర్లు మామూలుగానే పనిచేస్తాయి. ఇబ్బంది ప్లగ్గుతో. షుకో ప్లగ్గుకి (జర్మనీలో వాడే రెండు పిన్నుల ప్లగ్గు) ఎర్త్ పక్కనున్న రేకుల్లోంచి వస్తుంది, మన సాకెట్‌లో అది తగలదు. సన్న అడాప్టర్ పెట్టి నడిపితే పని జరుగుతుంది కానీ లోహపు బాడీకి ఎర్త్ ఉండదు. కెటిల్, ఓవెన్, మెటల్ మిక్సీ లాంటివాటికి ప్లగ్గు కోసి, బరువైన వాటికి 16 ఆంపియర్ మూడు పిన్నుల ప్లగ్గు వేయించండి. ఇండక్షన్ పొయ్యి 400 వోల్టుల మూడు ఫేజుల లైనుకి గోడలోంచి కలిపి ఉంటుంది, దాన్ని తీసుకెళ్లొద్దు. వంటగదితో పాటు వచ్చే అద్దెదారుకే అమ్మేయండి, ఫ్రిజ్ మాత్రం మీరు వెళ్లే ముందు రోజు తీసుకెళ్లే షరతు మీద.