గర్భిణుల నమోదు సమయంలో మద్యం గురించి అందరినీ అడగాలా?

తాడిపత్రి ఏఎన్‌ఎం:
గర్భిణి పేరు నమోదు చేసేటప్పుడు బరువు, బీపీ, హిమోగ్లోబిన్, పాత కాన్పుల వివరాలు తప్పకుండా రాసుకుంటున్నాము గానీ, మా ఉపకేంద్రంలో కల్లు, సారా, బ్రాందీ మాట ఎవరినీ అడగడం లేదు. వేరుశనగ పొలాల్లో పని చేసి వచ్చి, ఒళ్ళునొప్పులకనీ చలువ చేస్తుందనీ కల్లు తాగే ఆడవారు మన వైపు ఉన్నారు. ఇటీవల ఒక అమ్మాయి, అత్త వరండాలో ఆగిపోయిన సమయం చూసి, నేను చేతికి బీపీ పట్టీ చుడుతుండగా, నెల తప్పిన సంగతి తెలియక తాగానని, బిడ్డకు ఏమవుతుందని గొంతు తగ్గించి అడిగింది. తనంతట తాను అడిగింది కనుక తెలిసింది. నోరు విప్పని వారి మాటేమిటి? అందరినీ అడగాలన్నది నా అభిప్రాయం. మీరేమంటారు?

ఆదోని న్యాయవాది:
నేను ఒప్పుకోను. అడిగిన ప్రతిదీ కార్డు మీదికి ఎక్కుతుంది, ఆ కార్డు ఇంటిల్లిపాది చేతుల్లో తిరుగుతుంది. రేపు బిడ్డకు ఏ లోపం వచ్చినా, అది మేనరికం వల్ల వచ్చినదైనా సరే, నింద మాత్రం తల్లి నెత్తిన పడుతుంది. రోజూ తాగి వచ్చి కొట్టే భర్తను ఏ రిజిస్టరూ అడగదు. అవమానానికి భయపడి ఆమె పరీక్షలకే రావడం మానేస్తే రక్తహీనత, బీపీ కూడా ఎవరి కంటా పడవు. ఆ నష్టం చిన్నదా?

ప్రొద్దుటూరు పిల్లల వైద్యురాలు:
న్యాయవాది గారి భయం న్యాయమైనదే, అయితే అడగకపోవడం దానికి పరిష్కారం కాదు. తల్లి రక్తంలోని మద్యం మాయ గుండా బిడ్డకు చేరుతుంది. బిడ్డ కాలేయం ఇంకా పక్వానికి రానందున దాన్ని త్వరగా వదిలించుకోలేదు. తాగిన తల్లుల బిడ్డల్లో కనిపించే లోపాల గురించి 1968లో ఫ్రాన్సులో లెమోయిన్ అనే వైద్యుడు రాసినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్ వైద్యులు జోన్స్, స్మిత్ దీనికి ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టిన తర్వాతే లోకం చూపు ఇటు మళ్ళింది. ముక్కు కింద గాడి చదునుగా ఉండటం, పైపెదవి పలుచబడటం వంటి గుర్తులు కొందరిలోనే కనిపిస్తాయి. ముఖం మామూలుగానే ఉండి, లెక్కలు ఒంటబట్టక, కుదురు లేక, చెప్పినది మరిచిపోయి బడిలో దెబ్బలు తినే పిల్లలే ఎక్కువ. వారిని మొండివారంటారు. గర్భంతో ఉన్నప్పుడు తాగానన్న మాట తల్లి నోట వినకపోతే మాకు కూడా కారణం తట్టదు.

ఆ అమ్మాయికి ఇలా చెప్పండి: తాగినంత మాత్రాన బిడ్డకు హాని జరిగి తీరిందని ఎవరూ తేల్చలేరు, కనుక గర్భం తీయించుకోవాలన్న తొందర వద్దు. కడుపులోని బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్‌లో గుండె, వెన్ను లోపాలు బయటపడవచ్చు గానీ మెదడుకు తగిలిన సూక్ష్మమైన దెబ్బ కనిపించదు. మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఏ నెలలో మానినా మేలే. ఇంతవరకు తాగవచ్చు అనే సురక్షితమైన కొలత లేదు. రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవారు మాత్రం ఒక్కసారిగా మానకూడదు, ఫిట్స్ రావచ్చు. పెద్దాసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. బిడ్డ పుట్టిన తర్వాత మెడ నిలపడం, మాటలు ఆలస్యమైతే పిల్లల ఎదుగుదల లోపాలను ముందుగానే గుర్తించి చూసే జిల్లా కేంద్రమైన డీఈఐసీకి తీసుకురావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ప్రతి గర్భిణినీ, వచ్చిన ప్రతిసారీ అడగాలని సూచించింది.

ఆదోని న్యాయవాది:
అందరినీ ఒకే తీరుగా అడిగితే ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాదన్నది ఒప్పుకుంటాను. కార్డు మీద రాయడాన్ని మాత్రం ఒప్పుకోను.

తాడిపత్రి ఏఎన్‌ఎం:
కార్డు మీద రాయవద్దు, సరే. ప్రతి నెలా తొమ్మిదో తేదీన జరిగే గర్భిణుల పరీక్షలకు వచ్చినప్పుడు వైద్యాధికారికి నోటితో చెబుతాను. అయితే మన ఆడపిల్లలు కాన్పుకు పుట్టింటికి వెళతారు. కాన్పు కడపలోనో కర్నూలులోనో జరిగితే అక్కడి పిల్లల డాక్టరుకు ఎవరు చెబుతారు?

ప్రొద్దుటూరు పిల్లల వైద్యురాలు:
ఆమె ఒప్పుకుంటే రిఫరల్ చీటీలో రాసి, కవరు అంటించి ఆమె చేతికే ఇవ్వండి.

ఆదోని న్యాయవాది:
ఒప్పుకుంటే సరే. వద్దంటే ఒక్క అక్షరం కూడా ఎక్కడా రాయకూడదన్నదే నా షరతు.