ముప్పై వేల లోపు డ్రైయర్: అద్దింట్లో కొనాలా, దండెంతోనే నెట్టుకురావాలా?

పటమట_వాటా:
మూడో అంతస్తు, రెండు బెడ్‌రూముల అద్దె వాటా. వాష్ ఏరియా ఉత్తరం వైపు, ఎండ తగలదు. టాప్ లోడ్ మిషను, 700 ఆర్‌పీఎం (పిండేటప్పుడు నిమిషానికి 700 చుట్లు). నలుగురి బట్టలు. ముసురు పడితే రెండు రోజులైనా ఆరవు, పైగా ముక్కిన వాసన. గోడకు కన్నం పెట్టడానికి ఓనరుగారు ఒప్పుకోరు. అప్పుచేసైనా హీట్ పంప్ డ్రైయర్ (తక్కువ కరెంటుతో, బయటికి గొట్టం లేకుండా ఆరబెట్టే ఖరీదైన రకం) కొనమని ఒకరు, డ్రైయరే దండగని ఇంకొకరు. మీరేమంటారు?

దండెం_చాలు:
దండగేనండీ. బెజవాడలో మే నెల ఎండకు జీన్స్ కూడా రెండు గంటల్లో పెళపెళలాడతాయి. ఇబ్బంది జూలై నుంచి నవంబరు దాకా, అదీ ముసురు పట్టిన రోజుల్లోనే. ముందు ఒక స్పిన్నర్ (బట్టల్ని గట్టిగా తిప్పి నీరు పిండే చిన్న మిషను) కొనండి, వాట్లు తక్కువ, మామూలు ప్లగ్గు చాలు. 1300 ఆర్‌పీఎంలో ఐదు నిమిషాలు తిప్పి, ఫ్యాన్ కింద స్టాండు మీద బట్టకూ బట్టకూ నాలుగు వేళ్ళ ఎడంతో వేయండి. కిటికీ కాస్త తెరవాలి. మూసేస్తే ఆ తడి గదిలోనే తిరుగుతుంది.

నూగు_జల్లెడ:
1300 అనగానే ఫ్రంట్ లోడ్‌తో సమానం అనుకోకండి. స్పిన్నర్ డబ్బా వెడల్పు ఫ్రంట్ లోడ్ డ్రమ్ములో సగం ఉంటుంది. ఆర్‌పీఎం ఒకటే అయినా వెడల్పు సగమైతే నీటిని బయటికి తోసే బలమూ సగమే. అయినా మీ 700 టాప్ లోడ్ కంటే నయం, అందులో తగాదా లేదు.

ఇక లెక్క. పొడిగా 3 కిలోలుండే నూలు బట్టల్లో టాప్ లోడ్ పిండాక 2 లీటర్ల పైనే నీరు మిగులుతుంది. లీటరు నీరు ఆవిరి కావడానికే 0.63 యూనిట్ కావాలి. వెంటెడ్ డ్రైయర్లో, అంటే తడి గాలిని గొట్టంతో బయటికి తోసే రకంలో, నష్టాలు కలిపితే లీటరుకు దాదాపు ఒక యూనిట్. అంటే లోడుకు రెండుంబావు యూనిట్లు. నెలకు 15 లోడ్లు వేస్తే 34 యూనిట్లు. యూనిట్ 8.75 రూపాయల స్లాబులో ఉన్నా 300 రూపాయలు. అందరూ భయపడే కరెంటు బిల్లు ఇంతే.

హీట్ పంప్ ఇందులో సగం మిగులుస్తుందనుకుందాం. నెలకు 150, ఏడాదిలో నాలుగు నెలలు, మొత్తం 600. దానికి అదనంగా పోసే 30 వేలు తిరిగి రావాలంటే 50 ఏళ్ళు పడుతుంది. అద్దింట్లో, ఏడాదికోసారి సామాను మోసుకుంటూ!

హీట్‌పంప్_పక్షం:
లెక్క నాలుగు నెలలకే వేశారు గనక అలా వచ్చింది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఏడాదంతా తిప్పితే లెక్క మారుతుంది. పైగా కన్నం అక్కర్లేదు, నీరు డబ్బాలోకి దిగుతుంది. వేడి తక్కువ కాబట్టి ఎలాస్టిక్ సాగిపోదు.

నూగు_జల్లెడ:
ఒప్పుకుంటాను, కానీ వీరి బడ్జెట్ 30 వేలు. ఇల్లు మారేటప్పుడు హీట్ పంప్‌ను నిలువుగానే తీసుకెళ్ళాలి. పడుకోబెడితే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి పాకుతుంది. అప్పుడు మాన్యువల్ చెప్పినన్ని గంటలు కదపకుండా నిలబెట్టి, ఆ తరవాతే ఆన్ చేయాలి.

బ్రాడీపేట_వైరింగ్:
ఏది కొన్నా ముందు ప్లగ్గు చూడండి బాబూ. 2000 వాట్ల డ్రైయర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. వాష్ ఏరియాలో చాలాచోట్ల ఉండేది 6 ఆంపియర్ల పాయింటు. కన్వర్టర్ ప్లగ్గు తగిలిస్తే కరిగిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్, నేరుగా బోర్డు నుంచి వేసిన లైను కావాలి. 2000 వాట్ల గీజరు కూడా అదే లైనులో ఉంటే రెండూ కలిపి 17 ఆంపియర్లు దాటి ఎంసీబీ (లోడు మించితే దానంతటదే ఆగే బోర్డులోని స్విచ్చు) పడొచ్చు. అది పడుతోందని పెద్ద ఎంసీబీ వేయించకండి, అప్పుడు కాలేది గోడలోని వైరు. అరగంట నడిచాక ప్లగ్గు ముట్టుకోండి. చెయ్యి నిలవకపోతే లోపల స్క్రూ వదులై ఉంటుంది. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మీ కనెక్షనుకు అనుమతించిన కిలోవాట్లు) కూడా ఒకసారి చూసుకోండి.

పటమట_వాటా:
గీజరు లైను వేరేనండీ, 16 పాయింటు ఉంది. మరి కన్నం లేకుండా గొట్టం ఎలా?

నూగు_జల్లెడ:
స్లైడింగ్ కిటికీ ఒక అడుగు తెరిచి, ఆ సందు మేరకు 12 మి.మీ. ప్లైవుడ్ పలక కోయించండి. అందులో నాలుగుంబావు అంగుళాల రంధ్రం, దాంట్లోంచి 4 అంగుళాల గొట్టం. ఖాళీ చేసేటప్పుడు పలక ఊడదీస్తే సరి, ఓనరుకు చెప్పాల్సిందేమీ ఉండదు. గొట్టం 2 మీటర్లు మించకూడదు, మధ్యలో కిందికి వేలాడకూడదు. వేలాడితే ఆ వంపులో నీరు నిలిచి గాలి ఆగుతుంది. బయటి మూతికి దోమల మెష్ మాత్రం కట్టొద్దు, కొన్ని లోడ్లకే బట్టల నూగుతో మూసుకుపోతుంది. గాలి పోక లోపల వేడి పెరిగితే థర్మల్ ఫ్యూజు కొట్టేస్తుంది. అప్పుడు కొన్ని మోడళ్ళలో డ్రమ్ము తిరుగుతుంది, వేడి మాత్రం రాదు. జనం హీటరు పోయిందనుకుంటారు.

దండెం_చాలు:
ఆ అడుగు సందూ మూసేస్తే వాష్ ఏరియాలో గాలి ఎటు పోతుందండీ?

నూగు_జల్లెడ:
మంచి ప్రశ్నే. వాష్ ఏరియా తలుపు తెరిచి నడపాలి, లేకపోతే డ్రైయర్‌కే గాలి అందదు. ప్రతి లోడు తరవాత డ్రైయర్లో నూగు పట్టే జల్లెడ తుడవాలి. తలంటు నూనె తువ్వాళ్ళు, ఆవకాయ కలిపినప్పుడు చేతులు తుడిచిన గుడ్డలు ఉతికాక కూడా వేయకండి. జిడ్డు మిగిలిన బట్ట వేడిమీద కుప్పగా ఉంటే దానంతటదే రాజుకోవచ్చు. కరెంటు మధ్యలో పోయినా అంతే, డ్రైయర్ తలుపు తీసి బట్టలు విడదీసి పరవాలి. జరీ అంచు మంగళగిరి చీరలు దండేనికే. మామూలు నూలు చీర కూడా లోపల మోకులా మెలిపడి మధ్యలో తడిగా మిగులుతుంది.

దండెం_చాలు:
చీరలు దండెం మీదే, నూనె గుడ్డలు దండెం మీదే! నేనన్నదీ అదేగా.

పటమట_వాటా:
ముందు స్పిన్నర్, ఈ ముసురు గడిచాక కూడా చాలకపోతే వెంటెడ్. పాతది దొరికితే ఏం చూడాలి?

బ్రాడీపేట_వైరింగ్:
పది నిమిషాలు నడిపించి గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టండి, గాలి వేడిగా, గట్టిగా తగలాలి. మోటారు తిరుగుతున్నా డ్రమ్ము తిరగకపోతే మామూలుగా బెల్టు తెగినట్టు, అది చవక రిపేరు. డ్రమ్ము అంచున సందు మూసే ఫెల్టు పట్టీ చిరిగితే మాత్రం బేరం వదిలేయండి. ఆ సందులోంచి నూగు హీటరు మీదికి పోతుంది.