అప్‌డేట్: ఐఈ 900 ఆ, యూ12టీ ఆ అని అడిగాను కదా, రెండూ విన్నా

పోయిన నెల చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్స్‌లో సెన్‌హైజర్ ఐఈ 900 కొనాలా, 64 ఆడియో కంపెనీ యూ12టీకి వెళ్ళాలా అని ఇక్కడ అడిగింది నేనే. గుంటూరు బ్రాడీపేటలో ఫ్రెండ్ వాళ్ళ బాబాయి దగ్గర రెండూ ఉన్నాయంటే ఆదివారం పొద్దున్నే బెజవాడలో ట్రైన్ ఎక్కేశా, సాయంత్రం దాకా అక్కడే.

మొదటి అరగంట రెండిట్లోనూ బాస్ లేదు, భయమేసింది, తర్వాత మీలో ఒకరు చెప్పినట్టు చెవిలోకి వెళ్ళే మెత్తటి టిప్స్ మీడియం తీసి లార్జ్ వేస్తే చెవి సరిగ్గా మూసుకుని మొత్తం మారిపోయింది. చాలా థ్యాంక్స్ అండి.

ఐఈ 900లో చెవికి ఒకటే 7 ఎంఎం డైనమిక్ డ్రైవర్ (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్), యూ12టీలో 12 బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (ఇంకో రకం బుల్లి స్పీకర్లు), కాబట్టి అన్నిట్లో యూ12టీనే గెలుస్తుందనుకున్నా, కానీ మృదంగం రికార్డింగ్ పెట్టగానే ఐఈ 900లో ఆ ఎడమ చేతి గుమ్కీ (సాగే మంద్ర నాదం) లాగినప్పుడు తోలు సాగడం కూడా తెలిసింది, అది యూ12టీలో అంత రాలేదు. వయొలిన్ పైస్థాయికి వెళ్తే మాత్రం ఐఈ 900 గుచ్చుకుంది నాకు.

యూ12టీలో వీణ మీటాక తీగ సన్నగా మోగి మోగి ఆగేదాకా వినపడింది! పైగా దాంట్లో ఉండే ఏపెక్స్ మాడ్యూల్ అనే చిన్న భాగం చెవిలో గాలి ఒత్తిడి తగ్గిస్తుంది, రెండు గంటలు పెట్టుకున్నా బరువనిపించలేదు. నేను రాత్రిళ్ళు చాలాసేపు వింటా, అందుకే యూ12టీనే ఫిక్స్, రేటు ఎక్కువే, సంక్రాంతి దాకా డబ్బులు పోగెయ్యాలి.