నాన్న బ్లడ్ రిపోర్టులు ఎవడి చేతికో పోయాయి, అర్జెంట్

రవి_పల్నాడు: పొద్దున్నుంచీ ఫోన్లతోనే సరిపోయింది, తల పగిలిపోతోంది. మా నాన్న రిపోర్టులు ఎవడి చేతికో చిక్కాయి. ల్యాబ్‌కి చేస్తే "మా దగ్గర అంతా సేఫ్ సార్" అంటారు తప్ప ఇంకో మాట లేదు. ఆధార్ నంబరు మార్చుకోవచ్చా? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి.

చక్రి: సైబర్ హెల్ప్‌లైన్ 1930.

నిడదవోలు శర్మ: ఆ అభా నంబరు, అదే ప్రభుత్వ హెల్త్ ఐడీ, తీసుకోవద్దని మొదట్నుంచీ మొత్తుకుంటున్నా, ఎవరు వింటారు? 14 అంకెలిచ్చి మన జబ్బులన్నీ ఒకచోట పోశారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు. అంత పెద్ద ఆసుపత్రికే దిక్కులేదు.

భాస్కర్ వరంగల్: శర్మగారూ, ఆయన అభా మాటే ఎత్తలేదు. పైగా అందులో రిపోర్టులు ఒకచోట ఉండవు. ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటాయి, మనం ఒప్పుకుంటే చూపిస్తారు. రవిగారూ, ఆధార్ నంబరు మారదు, కావాలంటే బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. అసలు రిపోర్టులు పోయాయని మీకెలా తెలిసింది?

రవి_పల్నాడు: చెప్పలేదా? వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు. 20 వేలు వేయకపోతే చెల్లికి సంబంధం మాట్లాడుతున్నవాళ్లకి పంపుతాడట. నాన్నకి హెపటైటిస్ బి ఉంది.

భాస్కర్ వరంగల్: ఇదండీ మొదట చెప్పాల్సింది! పైసా వేయకండి. 2020లో ఫిన్లాండ్‌లో వాస్తామో అనే మానసిక చికిత్స సంస్థ రికార్డులు కాజేసి, ఒక్కో పేషెంటుకీ 200 యూరోలు కట్టమని మెయిల్ పెట్టారు. అప్పటికే ఆ ఫైళ్లు బయటపడ్డాయి, కట్టినవాళ్లకి ఒరిగిందేమీ లేదు. 1930 ముఖ్యంగా డబ్బు పోయినప్పుడు. మీది బెదిరింపు కాబట్టి సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, స్టేషన్‌లో కూడా ఇవ్వండి. చాట్ డిలీట్ చేయకండి.

చక్రి: ల్యాబ్ హ్యాక్ అయిందన్నమాట.

భాస్కర్ వరంగల్: హ్యాకేంటండీ! కొన్ని ల్యాబ్‌ల మెసేజ్ లింకుకి పాస్‌వర్డే ఉండదు. చివరి అంకె మారిస్తే పక్కవాడి రిపోర్టు వస్తుంది. తలుపు బార్లా తీసి పడుకుంటే దొంగకి కన్నం వేసే పనేముంది? రవిగారూ, మీ లింకు ఎలా తెరుచుకుంటుందో చూడండి. ఆ రిపోర్టు ఎవరెవరు తెరిచారో చెప్పమని ల్యాబ్‌కి మెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే సాక్ష్యం ఉండదు.

చక్రి: డేటా పోతే హ్యాకే.

నిడదవోలు శర్మ: డేటా చట్టం కింద 250 కోట్ల దాకా జరిమానా ఉంది, వేయించండి.

భాస్కర్ వరంగల్: అది ఖజానాకి పోతుంది, పేషెంటుకి రాదు. నిబంధనలు వచ్చిందే 2025 నవంబరులో, పూర్తి అమలుకి 18 నెలల గడువిచ్చారు.

సుధారాణి: నేను నర్సుని. హెపటైటిస్ బి కలిసి తిన్నా, పక్కన కూర్చున్నా అంటదు. ఇంట్లో మిగతావాళ్లు టెస్ట్ చేయించుకుని, జబ్బు లేదని తేలితే టీకా వేయించుకోండి. పెళ్లివారికి మీరే ముందు చెప్పేస్తే వాడి దగ్గర ఇంకేం మిగలదు. కానీ చెప్పాలా వద్దా అన్నది మీ నాన్నగారి ఇష్టం, మీది కాదు.

రవి_పల్నాడు: పోర్టల్‌లో పెట్టాను, నంబరు వచ్చింది. థాంక్స్ అండీ.

భాస్కర్ వరంగల్: ఆ లింకు సంగతి?

నిడదవోలు శర్మ: అభా డిలీట్ చేయడం ఎలాగో ఎవరైనా చెప్తారా? మా ఆవిడకి కూడా ఉంది.